ఆన్‌లైన్ భాషా కోర్సులో రోజువారీ సాధన: అపోహలు - వాస్తవాలు

జర్మన్ నేర్పడం నా వృత్తి. రికార్డు చేసిన పాఠాలు, వారానికి రెండు లైవ్ క్లాసులు, మిగతా రోజుల్లో యాప్‌లో అభ్యాసాలు ఉండే ఆన్‌లైన్ కోర్సు. కొత్తగా చేరినవారు మొదటి వారంలో వ్యాకరణం గురించి పెద్దగా అడగరు. రోజుకు ఎంతసేపు కూర్చోవాలి, ఏ వేళ కూర్చోవాలి, ఒకరోజు మానేస్తే ఏమవుతుంది, ఇవే వారి ప్రశ్నలు. అడుగుతూనే తమకు తెలిసిన జవాబు కూడా చెప్పేస్తారు. ఆ జవాబులను వదిలించడం డేటివ్ విభక్తి (మన 'కి', 'కు'ల లాంటిది) నేర్పడం కంటే కష్టం.

అపోహ: పాఠం పక్కన పచ్చ టిక్కు పడితే ఆ పాఠం వచ్చేసినట్టే

ఒక విద్యార్థిని ఖాతాలో మొదటి స్థాయి పాఠాలన్నిటికీ టిక్కులున్నాయి. లైవ్ క్లాసులో స్లయిడ్ తీసేసి చెంచా, ఫోర్కు, కత్తి జర్మన్‌లో చెప్పమన్నాను. "లోఫెల్" అంది వెంటనే. దాని ముందు లింగాన్ని చూపే చిన్నమాట డేర్ రావాలా, డీ రావాలా, దాస్ రావాలా అనేసరికి ఆగిపోయింది. "ఆప్షన్లు ఇస్తే చెప్పేస్తాను మేడమ్" అంది. నవ్వుతూనే అంది గాని, జబ్బు మొత్తం ఆ మాటలోనే ఉంది.

గుర్తుపట్టడం వేరు, గుర్తుకు తెచ్చుకోవడం వేరు. యాప్‌లో మనం చేసేది చాలావరకు మొదటిది. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు కావలసింది రెండోది. పైగా బల్ల మీద పక్కపక్కనే ఉండే ఈ మూడు వస్తువుల్లో జర్మన్ చెంచాను పుంలింగం చేసింది, ఫోర్కును స్త్రీలింగం, కత్తిని నపుంసకలింగం చేసింది. మన వ్యాకరణంలో మూడూ అమహద్వాచకాలే (జంతువులను, వస్తువులను చెప్పే మాటలే) కాబట్టి మనకు ఈ గొడవ మరీ కొత్త. ఊహించి చెప్పే వీలు లేదు, తలలోంచి బయటికి లాగాల్సిందే.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక వచన భాగాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు చదివాక దాన్ని పక్కన పెట్టి, గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే ఫలితం తలకిందులైంది. మనల్ని మోసం చేసేది ఆ ఐదు నిమిషాల గెలుపే. పాఠం ముగిసిన వెంటనే వచ్చే క్విజ్‌లో పదికి పది పడితే ఎవరికైనా వచ్చేసిందనే అనిపిస్తుంది.

అందుకే నేను రోజు వరుసనే మార్చమంటాను. అరగంట ఉందనుకోండి. యాప్ తెరవకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, నిన్నటి పాఠంలో గుర్తున్న పదాలు, వాక్యాలు ఎనిమిది నిమిషాలు రాయండి. ఆ తర్వాతే పాఠం తెరిచి, తప్పులను వేరే రంగు సిరాతో దిద్దుకోండి. అప్పుడు కొత్త పాఠం. చివరి ఐదు నిమిషాలు స్క్రీన్ ఆపి, ఇప్పుడే నేర్చుకున్నది పైకి చెప్పండి. చాలామంది కొత్త పాఠంతో మొదలుపెట్టి, సమయం మిగిలితే పాతది చూద్దామనుకుంటారు. సమయం మిగలడం నేనింతవరకూ చూడలేదు.

అపోహ: వారమంతా కుదరకపోయినా ఆదివారం మూడు గంటలు కూర్చుంటే సరిపోతుంది

గంటల లెక్క సరిపోవచ్చు, జ్ఞాపకం లెక్క సరిపోదు. ఒకేరోజు కుక్కిన పదాల కంటే, ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చూసిన పదాలే నిలుస్తాయి. దీనిమీద నాకు బాగా నచ్చిన అధ్యయనం 1993లో హ్యారీ బారిక్ కుటుంబం ప్రచురించింది. ఇంట్లో నలుగురూ తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. 300 పరభాషా పదాలను ఏళ్ల తరబడి, వేర్వేరు వ్యవధుల్లో పునశ్చరణ చేశారు. 56 రోజులకోసారి 13 సార్లు చేసినప్పుడు గుర్తున్నది, 14 రోజులకోసారి 26 సార్లు చేసినప్పుడు గుర్తున్నదానికి ఇంచుమించు సమానం. సగం శ్రమతో అదే ఫలితం. ఒక చిక్కు మాత్రం ఉంది: ఎడం ఎక్కువైనకొద్దీ నేర్చుకునేటప్పుడు కాస్త నెమ్మదిగా సాగినట్టుంటుంది, మధ్యలో మరిచిపోయినవి కనిపిస్తాయి. దాంతో జనం పద్ధతే తప్పేమోనని బెంబేలెత్తి మళ్లీ బట్టీకి దిగుతారు.

ఈ పనికి ఖరీదైన యాప్ అక్కర్లేదు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు 1970లలో ఒక పెట్టె, కొన్ని అరలు, పదాలు రాసిన చీటీలతో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చాడు. చెప్పగలిగిన పదం వెనక అరలోకి వెళుతుంది, ఆలస్యంగా మళ్లీ చేతికొస్తుంది. తప్పిన పదం మొదటి అరకు తిరిగొస్తుంది, రేపే కనిపిస్తుంది. ఇప్పటి ఫ్లాష్‌కార్డు యాప్‌ల వెనుక ఉన్న ఆలోచనా ఇలాంటిదే.

ఆదివారం కూర్చోవద్దని కాదు. ఒక ఉత్తరం రాయడానికో, చిన్న కథ చదవడానికో ఆ మూడు గంటలు దివ్యంగా పనికొస్తాయి. పదాలు కుక్కడానికి మాత్రం వాడకండి.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటవుతుంది, ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటికొస్తుంది

రెండూ తప్పే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో తిండి, వ్యాయామం వంటి రోజువారీ పనులు అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు.

ఇక యాప్‌లో స్ట్రీక్ సంగతి, అంటే ఒక్కరోజూ తప్పకుండా వరుసగా ఎన్ని రోజులు చేశారో చూపే లెక్క. అర్ధరాత్రికి ఐదు నిమిషాల ముందు, ఎప్పుడో వచ్చేసిన తేలిక పాఠం ఒకటి నొక్కి నిద్రపోయేవారు నా క్లాసులో ఎప్పుడూ ఉంటారు. అది స్ట్రీక్‌కు పెట్టే నైవేద్యం, చదువు కాదు. కుదరని రోజుకు ఒక కనీస పని ముందే నిర్ణయించుకోండి: నిన్నటి పదాలు ఐదు నిమిషాలు, చూడకుండా. అదీ కుదరకపోతే మానేసి హాయిగా పడుకోండి. వరుసగా రెండోరోజు మాత్రం మానకండి. ఇది పరిశోధన మాట కాదు, నా అనుభవం.

అపోహ: తెల్లవారుజామున చదివితేనే ఎక్కుతుంది

మీకు మెలకువ ఉన్న వేళే మంచి వేళ. రోజూ ఎలాగూ చేసే ఏదో ఒక పనికి దాన్ని ముడిపెట్టండి, చాలు. నిద్ర తగ్గించుకుని చదవడం మాత్రం నష్టమే, నేర్చుకున్నది జ్ఞాపకంలో కుదురుకోవడంలో నిద్రది పెద్ద పాత్ర.

అపోహ: పని చేసుకుంటూ చెవిలో పాఠం పెట్టుకుంటే భాష అదే వస్తుంది

ఒకసారి శ్రద్ధగా విని అర్థం చేసుకున్న ఆడియోను అలా మళ్లీ వినండి, లాభముంది. అర్థంకానిది ఎన్ని గంటలు మోగినా ఫ్యాను చప్పుడుతో సమానం.

అపోహ: మూడు నెలల్లో అనర్గళంగా మాట్లాడవచ్చు

రోజుకు అరగంట చొప్పున ఏడాదికి సుమారు 180 గంటలు. అమెరికా దౌత్య సిబ్బందికి భాషలు నేర్పే సంస్థ జపనీస్‌కు పెట్టుకున్న లెక్క 2,200 క్లాసు గంటలు. అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి వేసిన లెక్క. జపనీస్‌లోలా క్రియను వాక్యం చివర పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిందే కాబట్టి ఆ మేరకు మనకు కాస్త వెసులుబాటు. అయినా మూడు నెలల మాట ఎవరైనా చెబితే ముందు గంటలు లెక్కపెట్టండి. అరగంట చొప్పున మూడు నెలలకు చేరేది 45 గంటలు. పేరు, ఊరు, కుటుంబం, రోజువారీ పనులు చెప్పుకోవడానికి అది చాలు. అదేం చిన్న విషయం కాదు.

అపోహ: ముందు వ్యాకరణం పూర్తిచేసి, తర్వాత మాట్లాడదాం

వ్యాకరణం పూర్తికావడమంటూ ఉండదు. మొదటి నెలలోనే వారానికి రెండుసార్లు ఈ పని చేయించండి మీ చేత: ఫోనులో రికార్డింగు పెట్టి, మీ గదిని నాలుగు నిమిషాలు వర్ణించండి. వెంటనే అదే విషయం మూడు నిమిషాల్లో, ఆ వెంటనే రెండు నిమిషాల్లో. భాషా బోధనలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది. మొదలుపెట్టినవారికి నాలుగు నిమిషాలు నింపడం కష్టం, రెండుతో మొదలుపెట్టి ఒకటికి తగ్గించినా ఫరవాలేదు. మొదటి విడతలో తడబడిన మాట మూడో విడతలో నోట్లో తిరుగుతుంది. మూడుసార్లూ ఆగిపోయిన మాటను మాత్రం రాసిపెట్టుకోండి. మర్నాడు తెల్లకాగితం మీద మొదటి వరుసలో రావలసింది అదే.