రెండుగా కనిపిస్తే రవ్వ కాదు

తొలకరి పడిందంటే రాయలసీమలో తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని తిరగడం మొదలవుతుంది. మొన్న మా మేనమామ కూడా నిమ్మకాయంత రాయి తెచ్చి "చూడు అల్లుడూ, రవ్వేనా ఇది?" అన్నాడు, రవ్వంటే వజ్రమే. అద్దంలా ఉంది, ఏటవాలు పెట్టెలాంటి ఆకారం. పేపర్ మీద పెడితే ప్రతి అక్షరమూ రెండుగా కనిపించింది, మేకుతో గీస్తే గీత పడింది. అది కాల్సైట్. మన ఇళ్లలో పరిచే కడప బండలో ఉండేదీ ప్రధానంగా ఇదే ఖనిజం, కాకపోతే అందులో సన్న రేణువులుగా ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ఈ తమాషా కనపడదు.

ఈ జంట బొమ్మల సంగతి 1669లో డెన్మార్క్ పండితుడు బార్తోలిన్ రాశాడు, ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఇలాంటి స్ఫటికాన్నే చూసి. చుక్క మీద రాయి పెట్టి తిప్పితే ఒక బొమ్మ కదలదు, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది (మామ రాయితో నేనూ చేశాను, నిజమే). 1690లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ కాంతి అలలా పోతుందనీ, స్ఫటికంలో రెండు రకాల అలలు పుట్టి కిరణం రెండుగా చీలుతుందనీ చెప్పి దీన్ని చాలావరకు విప్పాడు. కానీ ఒక రాయి మీద ఇంకో రాయి పెట్టినప్పుడు, కొన్ని కోణాల్లో చీలిన కిరణం మళ్లీ ఎందుకు చీలదో ఆయనకు అంతుపట్టలేదు, ఆ మాట దాచుకోకుండా రాశాడు కూడా. కిరణానికి కూడా పలకకున్నట్టు పక్కలున్నాయని న్యూటన్ అన్నాడు. ఆ ముడి వందేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

1808లో పారిస్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మాలస్ లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీల మీద మెరుస్తున్న సాయంత్రపు ఎండను కాల్సైట్‌లోంచి చూస్తూ రాయిని తిప్పాడు, రెండు బొమ్మల్లో ఒకటి మసకబారితే ఇంకోటి వెలిగింది. మనం చదువుకున్న ధ్రువణం (పోలరైజేషన్), అంటే కాంతి ఒకే దిక్కున ఊగడం, అదే. తర్వాత మరో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రెనెల్ లెక్క తేల్చాడు: కాంతి తన దారికి అడ్డంగా ఊగుతుంది, ఊగే దిక్కును బట్టి కాల్సైట్‌లో దాని వేగం మారుతుంది. కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే వక్రీభవన గుణకాలు ఒకటి 1.658, ఇంకోటి 1.486, ఇంత తేడా ఉంది కాబట్టే మామూలు కంటికి దొరికిపోయింది.

వజ్రంలో కార్బన్ పరమాణువుల అమరిక నిలువూ అడ్డమూ లోతూ ఒకేలా ఉంటుంది, కాబట్టి కాంతి చీలదు. అలాగని ఒకటిగా కనిపించిందల్లా వజ్రమని సంబరపడకండి, గాజూ చీల్చదు. పలుగురాయి చీలుస్తుంది గానీ దాని రెండు గుణకాల తేడా 0.009 మాత్రమే, చిన్న రాయిలో కంటికి ఆనదు.

ఇప్పుడు అసలు తలనొప్పి మొయిసనైట్, వజ్రంలా మెరిసే వేరే రాయి. వేడి ఎంత త్వరగా పాకుతుందో చూసి చెప్పే పెన్ టెస్టర్ దాన్ని కూడా వజ్రమే అంటుంది. అప్పుడు లెన్స్ పెట్టి, సానపట్టిన రాయి వెనక అంచులు జంటగీతల్లా ఉన్నాయేమో చూస్తారు. పైనుంచి నిట్టనిలువుగా చూస్తే కనపడకపోవచ్చు, రాయిని కాస్త పక్కకు వంచి చూడాలి.