ప్లస్ 5 అంటే గెలిచినట్టేనా? చెస్ ఇంజిన్లపై అపోహలు – వాస్తవాలు

టోర్నమెంట్ అయిన రాత్రి కోచ్‌లకు వచ్చే ఫోన్ ఒకటుంది. "సార్, ఆడిన గేమ్‌ని చెస్ ఇంజిన్‌లో (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి చూశాం, ప్లస్ 5 (సుమారు ఐదు బంటులంత ఆధిక్యం) ఉంది. గెలిచేదాన్ని మావాడు డ్రా చేసుకొచ్చాడు." అవతల పిల్లాడి ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. ముందు వాణ్ని తిట్టడం ఆపండి, పొజిషన్ చూద్దాం.

అపోహ: ఇంజిన్ పెద్ద అంకె చూపిస్తే గెలుపు ఖాయం.

కాదు. అవతలివాళ్లు ఫోర్ట్రెస్, అంటే దూరలేని కోట కట్టుకుంటే ఆ అంకెకు విలువ లేదు. బంటులన్నీ బిగుసుకుపోయి, లోపలికి దారి లేనప్పుడు రూక్ ఎక్కువున్నా చేసేదేమీ ఉండదు. "ఎటునుంచీ దూరలేడు" అని మనిషి ఒక్క చూపులో తేల్చేస్తాడు. ఇంజిన్ అలా ఆలోచించదు, ఎత్తులు వేసుకుంటూ వెతుకుతుంది. ఎన్ని ఎత్తులు ముందుకు చూస్తుందన్నదే డెప్త్. డెప్త్ 40 అంటే ఇద్దరివీ కలిపి 40, చెరో 20 ఎత్తులు. చెరో 50 ఎత్తుల పాటు బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా ఉంటే డ్రా అనే 50 ఎత్తుల నియమం అంతకంటే చాలా దూరంలో ఉంటుంది. పావులు అటూ ఇటూ తిప్పడానికి లెక్కలేనన్ని దారులుంటాయి కాబట్టి పొజిషన్ రిపీట్ అయి డ్రా కావడం కూడా దానికి కనిపించదు. ఏ దారిలో వెళ్లినా చివర్లో రూక్ ఎక్కువే కనిపిస్తుంది, ప్లస్ 5 అలాగే ఉండిపోతుంది.

2017లో పెన్‌రోజ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఒక పజిల్ ఇచ్చింది. తెల్లవైపు రాజు, నాలుగు బంటులు. నల్లవైపు రాజు, క్వీన్, రెండు రూక్‌లు, మూడు బిషప్‌లు, ఐదు బంటులు. బిషప్‌లు మూడూ నల్ల గళ్లవే. క్వీన్, రూక్‌లు బంటుల వెనక ఇరుక్కున్నాయి. తెల్లరాజు తెల్ల గళ్ల మీద తిరుగుతుంటే చాలు, డ్రా. ఊరికే వస్తుంది కదా అని రూక్‌ని కొడితే మాత్రం తలుపు తెరిచినట్టే! అప్పటి ఇంజిన్లు దీన్ని నల్లకు భారీ ఆధిక్యంగా చూపించాయి.

అసలు నష్టం ఆటలో జరుగుతుంది. రోజూ ఇంజిన్ అంకెలే చూసిన నా స్టూడెంట్ ఒకమ్మాయి, రూక్‌కి బదులు బిషప్ మిగిలిందని రిజైన్ చేసింది. మర్నాడు అదే పొజిషన్ పెట్టి, ఈసారి రూక్ వైపు ఆడమన్నాను. సాయంత్రమంతా ఆడినా లోపలికి రాలేకపోయింది.

అనుమానం వస్తే బలమైన వైపు ఇంజిన్‌కిచ్చి మీరు డిఫెండ్ చేయండి. ఎత్తులు గడుస్తున్నా అంకె కదలకుండా, అది పావుల్ని ఊరికే తిప్పుతుంటే ఫోర్ట్రెస్ అయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఏదైనా బంటు ముందుకొచ్చి కోట పగలగొట్టగలదా, ఏదైనా పావు త్యాగం పనిచేస్తుందా అని మీరే చూసుకోవాలి.

అపోహ: టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన పొజిషన్లన్నిటి ఫలితం ముందే లెక్కగట్టి పెట్టిన డేటా) ఉందిగా, ఇంజిన్ పొరబడదు.

ఉంది, కానీ పూర్తిగా ఉన్నది రాజులు, బంటులతో కలిపి 7 పావుల వరకే. పెన్‌రోజ్ పొజిషన్‌లో 17 ఉన్నాయి.

అపోహ: ఇంజిన్లలోకి న్యూరల్ నెట్ (ఆటల నుంచి నేర్చుకుని పొజిషన్‌ని అంచనా వేసే పద్ధతి) వచ్చాక ఈ లోపం పోయింది.

తగ్గింది, పోలేదు.

అపోహ: అంటే ఇంజిన్లు దండగ.

ఇది ఎవరు పుట్టించారో గానీ, మీ టాక్టిక్స్ తప్పులు పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు.