స్నాట్-22లో మార్కులు తక్కువొస్తే సైనస్ తక్కువున్నట్టేనా?

స్నాట్-22 అంటే సైనస్ పేషెంట్లు తమ ఇబ్బందులకు మార్కులు వేసే ప్రశ్నల ఫారం. దాని గురించి ఈ మాట ఈ వారంలో మూడోసారి విన్నాను, అందుకే రాస్తున్నా. "ఫారంలో మార్కులు తక్కువే వచ్చాయి కదా మేడం, అంటే జబ్బు పెద్దగా లేనట్టే కదా?"

అపోహ: స్కోరు తక్కువైతే సైనస్ తక్కువ.

వాస్తవం: కానే కాదు. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 110. గత రెండు వారాల్లో మీరెంత ఇబ్బంది పడ్డారో అడుగుతుంది, అంతే. లోపల ఏముందో చెప్పేది ముక్కులోకి కెమెరా పెట్టి చూసే ఎండోస్కోపీ, సీటీ స్కాన్. వాటికీ ఈ స్కోరుకూ చాలాసార్లు పొంతనే ఉండదు.

అమీర్‌పేటలో ఓ కర్రీ పాయింట్‌లో వంట చేసే పెద్దావిడ వచ్చింది. ఫారం కొడుకు నింపాడు, చకచకా టిక్కులు కొట్టేసి. మొత్తం 17. వాసన ప్రశ్నకు 1. అతన్ని బిల్లు కట్టి రమ్మని పంపి నేనే అడిగాను, వాసన రాక ఎన్నాళ్లయిందమ్మా అని. "రెండేండ్లయితుంది బిడ్డా. ఏమైతది, నొప్పయితే లేదు గదా." పోపు మాడినా తెలియదట, ఓనరు తిట్టాడట, ఇప్పుడు పక్కనున్న పిల్లను పిలిచి "మాడిందా సూడు" అని అడుగుతోందట. చూస్తే ముక్కులో రెండు వైపులా పాలిప్స్, అంటే మెత్తటి కండ పెరుగుదలలు. ఒక్కో ప్రశ్నా చదివి మళ్లీ నింపితే 48. అదే రోజు, అదే ముక్కు!

అపోహ: ఫారం సైంటిఫిక్, అందరికీ ఒకటే.

వాస్తవం: ఇంగ్లీషులో పుట్టిన ఫారం ఇది. స్కోరు 8.9 తగ్గితే పేషెంటుకు తేడా తెలుస్తుందనే లెక్క 2009లో ఇంగ్లండ్, వేల్స్ ఆపరేషన్ పేషెంట్ల నుంచి వచ్చింది. 'ఎంబరాస్డ్'ను సిగ్గు అని చదివితే "నేనేం తప్పు చేశానని సిగ్గు?" అంటారు. నలుగురిలో ముక్కు చీదాలంటే ఎలా ఉంటుందని అడగండి, అప్పుడు చెబుతారు. పనితనం తగ్గిందా అంటే ఆఫీసు పని అనుకుని ఇల్లాళ్లు 0 వేస్తారు. పాతబస్తీ నుంచి వచ్చిన ఉర్దూ ఆవిడకు తెలుగు ఫారం ఇస్తే ఇంకేం రాస్తుంది? ఆ వంటావిడకు మొదటి స్కోరే 17 అని రాసేస్తే ఆపరేషన్ తర్వాత తగ్గడానికి ఏం మిగిలింది? "లాభం లేదు" అని కాగితం మీద పడిపోతుంది, నష్టం ఆమెకు. ఇలా మన మాటల్లో అడిగి తెచ్చిన అంకెను విదేశీ లెక్కలతో నేరుగా పోల్చకూడదు, అదీ నిజమే. అందుకే భాష భాషకూ సరిగ్గా పరీక్షించిన అనువాదం కావాలి.

 

స్కోరు చూసి టెన్షన్ పడకండి, ధీమా పడకండి. ప్రశ్న అర్థం కాకపోతే చదివి చెప్పమనండి. మేం ఇప్పుడు మూడు భాషల్లో చదివి వినిపిస్తున్నాం, ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతోంది, క్యూలో ఉన్నవాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు.