వేపాకులు, క్రియాటినిన్, నూరేళ్లు

బరంపురంలో మా వీధి చివరింటి మామ్మగారికి తొంభై నాలుగేళ్లు. మొన్న రక్తపరీక్షలో క్రియాటినిన్ (కండ నుంచి పుట్టి కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం) 0.6 వచ్చింది. మనవడు ఆ కాగితం పట్టుకొచ్చి, "నూరేళ్లు బతికేవాళ్ల రక్తంలో ఏమైనా తేడా ఉంటుందా అన్నా?" అని అడిగాడు. పక్కింటావిడ నుదుటి రాత అనేసింది గానీ, లెక్కలు తీసినవాళ్లున్నారు.

స్వీడన్‌లో 1985-96 మధ్య పరీక్ష చేసిన 44,636 మంది వృద్ధుల్లో 1,224 మంది నూరు చేరారని, అందులో నూటికి 85 మంది ఆడవాళ్లేనని 2023లో తేల్చారు. అరవైల్లోనే వీళ్ల గ్లూకోజు, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ మిగతావాళ్లకన్నా తక్కువ. కొలెస్ట్రాల్ మరీ తక్కువున్నవాళ్లకి మాత్రం నూరు చేరే అవకాశం తగ్గింది!

నా మనసంతా క్రియాటినిన్ మీదే. ఇచ్ఛాపురం దాటి కవిటి, సోంపేట వైపు వెళ్తే బడి మొహం చూడని ముసలాయన కూడా "నాకు నాలుగుంది" అంటాడు, నాలుగేమిటని ఎవరూ అడగరు, అది క్రియాటినినే. ఉద్దానం అనే ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ తేలలేదు.

వాకిట్లో వేపచెట్టు ఉందనుకోండి. రోజూ ఒకే లెక్కన ఆకు రాలుతుంది, గాలి దాన్ని వాకిలంతా సమంగా పరుస్తుంది. ఊడ్చే మనిషి ఆకు పలచగా ఉన్నా దట్టంగా ఉన్నా రోజుకి ఇంత మేర అని ఊడుస్తుంది. వాకిలి మన రక్తం, చెట్టు మన కండ. అందులోని క్రియాటిన్ అనే పదార్థంలో నూటికి రెండు వంతుల లోపు రోజూ క్రియాటినిన్‌గా రాలుతుంది. ఊడ్చేవి కిడ్నీలు, బాగుంటే రోజుకి దాదాపు 180 లీటర్లు వడగడతాయి. ఆ మేర సగానికి పడిపోతే ఆకు పేరుకుంటుంది, రెట్టింపు దట్టమయ్యేదాకా, ఎందుకంటే అప్పుడే ఆ సగం మేరలో ఒక రోజు రాలినంత ఆకు దొరుకుతుంది. అంటే 0.8 కాస్తా 1.6 అయితే 90 లీటర్ల పని పోయినట్టు! అదే మనిషికి 4 నుంచి 8కి పెరిగితే 36 లీటర్లు 18 అవుతాయి, పోయేది 18 లీటర్లే. భయపడాల్సింది మొదటి చిన్న పెరుగుదలకి. బళ్లో కిడ్నీ అంటే జల్లెడ అని చెప్పి వదిలేస్తారు, ఈ లెక్క చెప్పరు, అదే నా బాధ.

మరి చెట్టే బక్కచిక్కితే? వయసుతో కండ కరిగి ఆకే తక్కువ రాలుతుంది, ఊడ్పు మందగించినా వాకిలి శుభ్రంగానే కనిపిస్తుంది. మామ్మగారి 0.6ని చూసి నేను వెంటనే సంబరపడనిది అందుకే. సిస్టాటిన్ సి అని ఒక ప్రొటీన్ ఉంది, దాన్నీ కిడ్నీలే వడగడతాయి, ఒంట్లో దాదాపు ప్రతి కణమూ దాన్ని తయారుచేస్తుంది, కండ తగ్గినా పెద్దగా మారదు. డాక్టర్ని అడిగి అది చేయించమన్నాను, ఆవిడ డెబ్బైల్లో ఉన్నప్పటి రిపోర్టులు ఇంట్లో ఉంటే వెతకమన్నాను.