మృదంగం నల్లమచ్చ, అమృతవర్షిణి వాన: అపోహలు - వాస్తవాలు

బెజవాడలో మృదంగం నేర్పుతుంటాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగేవి కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులు ఇవి.

అపోహ: అమృతవర్షిణి రాగం పాడితే వాన పడుతుంది.

కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు తమిళనాడులోని ఎట్టయాపురం దగ్గర కరవు చూసి ఆ రాగంలో పాడగానే వర్షం కురిసిందని పెద్దలు చెబుతారు. ఆ కథంటే నాకు ఎంతో గౌరవం. కానీ పాటకూ మబ్బుకూ సంబంధం ఉందని ఏ పరీక్షా తేల్చలేదు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే: రిషభం (రి), ధైవతం (ద) రెండూ లేకుండా, ఐదు స్వరాలతోనే ఆ రాగం అంత నిండుగా ఎలా ఉంటుందా అని.

అపోహ: పాశ్చాత్య సంగీతకర్త మొజార్ట్ సంగీతం వింటే పిల్లలకు తెలివి పెరుగుతుంది.

ఈ మాటకు మూలం 1993లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం. అందులో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు, పసిపిల్లలు కాదు. ఆకారాలను ఊహించే ఒక రకం పరీక్షలో కాస్త మెరుగయ్యారు, అదీ పావుగంట వరకే. పిల్లలకు సంగీతం వినిపించండి, తప్పకుండా. మార్కుల కోసం మాత్రం వద్దు.

అపోహ: 432 హెర్ట్జ్ మన ప్రాచీన శ్రుతి.

మన సంగీతంలో షడ్జానికి, అంటే 'స'కు, ఇంత అని స్థిరమైన అంకె లేదు. గొంతును బట్టి శ్రుతి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో. పాశ్చాత్య సంగీతంలో వాద్యాలను శ్రుతి చేసే 440 హెర్ట్జ్ కూడా 1939లో లండన్ సమావేశంలో కుదుర్చుకున్న ఒప్పందమే.

అపోహ: మృదంగం మీది నల్లమచ్చ అందం కోసం.

దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పూత లేని తోలు మీద కొడితే అసలు నాదంతో పాటు పుట్టే పై నాదాలు దానికి సరిగ్గా రెట్టింపు, మూడింతలు కావు. మొదటిది దాదాపు 1.59 రెట్లు ఉంటుంది. అందుకే చప్పుడు వస్తుంది గానీ స్వరం నిలవదు. అన్నం ముద్దలో రాతిపొడి కలిపి, పొర మీద పొర పూసి, ఒక్కో పొరనూ రాయితో రుద్దితే తోలు నడుమ బరువు పెరిగి ఆ పై నాదాలు వరసలోకి వస్తాయి. సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో నేచర్‌లో దీన్ని వివరించారు. మన మృదంగం చేసేవాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే చెవితోనే పట్టుకున్నారు.

ఎదురుగా కూర్చుంటే చూపిస్తాను. నల్లమచ్చ అంచున ఉంగరపు వేలు తేలిగ్గా ఆనించి, చూపుడు వేలితో మీటు (అంచు తోలు) మీద కొడితే 'నం' అని ఖంగుమంటుంది. ఆనించిన వేలు కింది నాదాన్ని ఆపి, పైదాన్ని వదులుతుంది. ఆ వేలు తీసేసి కొట్టండి, నాదమే మారిపోతుంది.

మృదంగం ఎడమ ముఖాన్ని తొప్పి అంటాం. దానికి శాశ్వతమైన పూత ఉండదు. కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద పెడతాం. ఫ్యాన్ గాలికి అది ఆరితే బరువు తగ్గి నాదం పైకి పోతుంది, అందుకే మధ్యలో మళ్లీ తడి చేస్తాం.