అద్దె ఇల్లే సొంతం చేస్తామంటే: అద్దెదారా, కొనుగోలుదారా?

విశాఖలో హెచ్‌బీ కాలనీ పేరులోని ‘హెచ్‌బీ’ అంటే హౌసింగ్ బోర్డే. నెలనెలా కడుతూ ఇల్లు సొంతం చేసుకోవడం మనవాళ్లకు బోర్డుల హైర్ పర్చేజ్‌తోనే అలవాటైంది: వాయిదాలు తీరాక సేల్ డీడ్. అక్కడ అమ్మేది బోర్డు, నిబంధనలు అచ్చులో ఉండేవి. అదే పని ఓ ఫ్లాటు ఓనరు తెల్లకాగితం మీద చేయబోతేనే తంటా.

చిక్కు ముడి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. 1929లో చేర్చిన 53ఎ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక ఒప్పందంతో స్వాధీనంలో ఉండి, తన వంతు నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారును ఓనరు ఖాళీ చేయించలేడు. 2001 సెప్టెంబరు 24 నుంచి ఆ రక్షణకు ఒప్పందం రిజిస్టర్ అయి ఉండాలి.

మరి అద్దెకున్నవాడే కొంటానని అడ్వాన్సు ఇస్తే? 2000లో కాంతిమతి కేసులో సుప్రీంకోర్టు, ధరలో చాలా భాగం పుచ్చుకున్నాక ఇక ఓనరు-అద్దెదారు బంధం లేదంది. 2019లో హెచ్‌కే శర్మ కేసులో మాత్రం, అద్దె ముగిసిందని ఒప్పందంలో రాసుకోకపోతే అద్దె కొనసాగుతుందంది. అంటే అంతా ఆ ఒక్క వాక్యం మీదే ఉంది. చాలామంది వదిలేసేదీ దాన్నే.

రెండో చిక్కు స్టాంపు డ్యూటీ. ఆంధ్రప్రదేశ్‌లో స్వాధీనంతో కూడిన సేల్ అగ్రిమెంటుకు అమ్మకానికి పడే స్టాంపు డ్యూటీ పడుతుంది; తర్వాత సేల్ డీడ్‌లో అది తగ్గిస్తారు.

ఇక లెక్క. ఎంవీపీ కాలనీలో ఫ్లాటు 60 లక్షలు, అద్దె 18 వేలు అనుకుందాం. నెలకు 25 వేలు తీసుకుంటే ధరకు జమ 7 వేలు. 36 నెలలకు 2.52 లక్షలు. బ్యాంకు 80 శాతం, అంటే 48 లక్షలు ఇచ్చినా, మిగిలిన 12 లక్షల్లో జమ పోగా చేతి నుంచి 9.48 లక్షలు కావాలి. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున ఇంకో నాలుగున్నర లక్షలు. అంత సమకూరక కొనలేకపోతే పేచీ మొదలయ్యేది అక్కడే: జమైన సొమ్ము వెనక్కా, జప్తా?

అందుకే అద్దె దస్తావేజు వేరు, కొనుగోలు హక్కు పత్రం వేరు రాయించాలి. ఇలాంటి 36 నెలల అద్దెకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 7 వేలు బ్యాంకు ఖాతా ద్వారా విడిగా రావాలి. కొనకపోతే అందులో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అంకెల్లో ఉండాలి. కొనుగోలుకు గడువు తేదీ వేయాలి. అమ్మకం అమలు కోరే దావాకు మూడేళ్ల కాలపరిమితి ఆ తేదీ నుంచే మొదలవుతుంది.