జర్మన్ పోలీసు పిస్టళ్ల మీది ముద్రలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: లూగర్ అనే జర్మన్ పిస్టల్ పిడి ముందు పట్టీ మీద ‘ఎస్.డి.’ అని ఉంటే అది నాజీ నాయకుడు హైడ్రిష్ నడిపిన నిఘా విభాగం ఎస్.డి.ది.

పాత ఆయుధాల వివరాలు నమోదు చేసే పనిలో నేను ఎక్కువగా వినే మాట ఇదే. ఆ అక్షరాల తర్వాత అంకెలు వరుసగా ఉంటే అది డ్యూసెల్డార్ఫ్ పోలీసుల పిస్టల్. ఆయుధాలపై ముద్రలు ఎలా వేయాలో అప్పటి జర్మనీలోని ప్రష్యా రాష్ట్ర పోలీసు శాఖ 1922లోనే నియమాలు పెట్టింది. మొదటి అక్షరం విభాగాన్ని చెబుతుంది: ‘ఎస్’ అంటే యూనిఫాం పోలీసులైన షుట్స్‌పోలిజై, ‘ఎల్’ అంటే గ్రామీణ పోలీసులైన లాంట్‌యేగెరై. రెండో అక్షరం జిల్లాది. ఆ తర్వాతి అంకెలు దళానివి, చివరిది ఆయుధం వరుస సంఖ్య. హైడ్రిష్ విభాగం 1931లో గానీ పుట్టలేదు. గ్రామీణ పోలీసులకు 1934లో మళ్లీ జెండర్మెరీ అన్న పాత పేరే వచ్చింది కాబట్టి ‘ఎల్’ ముద్ర అంతకు ముందు కాలానిదని భావించవచ్చు.

నాజీ పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది, అందుకే ఈ కథ చావదు. ఒక ఊరి పోలీసుల చరిత్రను చెరిపేసి, ఆ స్థానంలో హంతకుల చరిత్రను అతికించడాన్ని నేను సహించలేను.

అపోహ: లూగర్ మీద 1917, 1920 అని రెండు సంవత్సరాలు ఉంటే ఒకటి దొంగ ముద్ర.

1917 తయారైన సంవత్సరం. 1920 ప్రభుత్వ ఆస్తి అని తెలిపే గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జనం చేతుల్లో మిగిలిపోయిన తుపాకుల నుంచి సర్కారు ఆయుధాలను వేరు చేయడానికి దాన్ని వేశారు.

అపోహ: కొట్టివేసిన ముద్ర ఉంటే విలువ పోయినట్టే.

ఆయుధం ఒక దళం నుంచి మరో దళానికి బదిలీ అయితే పాత ముద్రను కొట్టివేసి కొత్తది వేసేవారు. నాకు అలాంటి పిస్టల్ దొరికితే పండగే, దాని ఉద్యోగ చరిత్ర అంతా అక్కడే ఉంటుంది.

అపోహ: గద్ద బొమ్మ కింద ‘సి’ లేదా ‘ఎఫ్’ ఉంటే అది నాజీల రహస్య పోలీసు విభాగం గెస్టాపో పిస్టల్.

అది ఆయుధాన్ని తనిఖీ చేసి పోలీసు శాఖకు స్వీకరించినట్టు తెలిపే ముద్ర. వాల్థర్ పీపీ వంటి పిస్టళ్లపై కనిపిస్తుంది. గెస్టాపోకు ప్రత్యేక ముద్ర ఉన్నట్టు నమ్మదగిన ఆధారం లేదు.

అపోహ: లూగర్ ఎడమ పక్క సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేల్చే సూదిని ఆపి ఉంచే ముక్క) పైన ఉండే సన్నని పట్టీ ఎవరో తర్వాత చేసిన మరమ్మతు.

తర్వాత అమర్చిందే, కానీ అమర్చింది పోలీసు శాఖ, 1930ల మొదట్లో. చాంబర్‌లో, అంటే పేలడానికి తూటా కూర్చునే గదిలో, తూటా ఉండగా పైభాగాన్ని విడదీస్తే లూగర్ పేలగలదు. అలా విడదీసినప్పుడు ఈ పట్టీ సియర్‌ను కదలనివ్వదు. అది లేని లూగర్‌లో ముద్రలు వెతికేటప్పుడు ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లారా చూసుకోండి.